ఆదెమ్మ గారి బండిని ఆగనివ్వని ప్రసన్నకుమార్ గారు

పంతొమ్మిది వందల తొంభై రెండు జూన్ పదిహేనవ తేదీన మా మిషన్ ఆసుపత్రి వాహన విభాగంలో సహాయక మెకానిక్‌గా చేరిన శ్రీ ప్రసన్నకుమార్ గారు, ఈ నెలాఖరున ఆ విభాగ పర్యవేక్షకులుగా పదవీ విరమణ చేస్తున్న శుభవేళ, వారి సేవలను స్మరించుకోవడం సహోద్యోగులకు ఎంతో ఆనందదాయకం.

తొలి సంవత్సరాలలో అంబులెన్సు జీపుల మరమ్మతుతో మొదలైన వారి సేవ, కాలక్రమంలో ఆసుపత్రి వాహనాలన్నింటి బాధ్యతగా విస్తరించింది. వారికి కోపం ముక్కు మీదే ఉంటుంది. స్పానరు అడిగితే కాదనరు గానీ, తిరిగి తెచ్చివ్వకపోతే ఎంత పెద్ద డాక్టరైనా మాట పడవలసిందే.

గత మిరప కోతల కాలంలో జరిగిన ఒక సంఘటన వారి పట్టుదలకు నిదర్శనం. ఆసుపత్రికి రాలేని రోగులకు కట్లు కట్టడానికి పల్లెలు తిరిగే నర్సు ఆదెమ్మ గారి మోటారుసైకిలుకు గాలి వడపోసే డబ్బా పగిలింది. కొత్తది దొరకక, దాని స్థానంలో ప్రసన్నకుమార్ గారు చిన్న ఫిల్టరొకటి బిగించారు. ఇంజను లోపలి ఆవిరిని ఆ పాత డబ్బాలోకి పంపే గొట్టం మాత్రం దిక్కులేక వేలాడింది. కల్లాల దుమ్ము లోపలికి పోతుందేమోనని, పత్తి పండే నేల మనిషి కదా, దాని మూతిలో గుప్పెడు దూది కూరారు. నూనె, దుమ్ము కలిసి ఆ దూది గట్టి బిరడా అయింది. ఒత్తిడి పోయే దారిలేక, నూనె కారకుండా ఆపే ఆయిల్ సీలు తన్నుకొచ్చి, నూనంతా కారిపోయి, మస్తాన్‌బీ గారి కాలిపుండుకు కట్టు మార్చవలసిన రోజున బండి నడిరోడ్డున ఆగిపోయింది.

"పాత బండండీ, తుక్కుకి వేసేద్దాం. కొత్తది కొనేదాకా ఊళ్ళు తిరగడం ఆపుదాం" అన్నారు పరిపాలనాధికారి శేషాచలం గారు. ఆ కొనడం ఎప్పటికి జరుగుతుందో అందరికీ తెలుసు. ప్రసన్నకుమార్ గారు వెంటనే అడ్డుపడ్డారు.

"దూది కూరింది నేనండీ, బండిదేం తప్పు లేదు. సోమవారానికి ఆదెమ్మ గారు బండెక్కకపోతే అప్పుడు మీ ఇష్టం."

ఏనాడూ ఆదివారం ప్రార్థన మానని వారు ఆ వారం షెడ్డు దాటలేదు. కొత్త సీలు వేసి, పొడవాటి గొట్టాన్ని సీటు కిందికి ఎత్తి, ఖాళీ సెలైన్ సీసాలోకి దించారు. నూనె సీసా అడుగున నిలిచేలా, ఆవిరి మాత్రం పైన బిగించిన సన్నని జల్లెడగుండా బయటికి పోయేలా అమర్చారు.

"ఇదేంటండీ, బండికి సెలైన్ పెట్టారా?" అని నవ్వారు శేషాచలం గారు.

"ముందు నడవనీయండి, తర్వాత నవ్వుదురు గాని" అన్నారు వీరు.

సోమవారం ఇంజను చప్పుడు వినడానికి తామే ఆదెమ్మ గారి వెనుక కూర్చుని వెళ్ళారు. గుమ్మంలో ఎదురుచూస్తున్న మస్తాన్‌బీ గారు, "ఇక రావేమో అనుకున్నానమ్మా" అని ఆదెమ్మ గారి చెయ్యి పట్టుకున్నప్పుడు, ఆ కోపిష్టి మనిషికి కళ్ళు చెమర్చాయి. ఆ సాయంత్రమే, సీసా నిండకముందే వంపడం, గొట్టం మడతపడకుండా చూడడం ఆదెమ్మ గారికి దగ్గరుండి నేర్పారు.

శ్రీ ప్రసన్నకుమార్ గారు సతీమణి ఆరాధన గారితోనూ, బిడ్డలతోనూ సంపూర్ణ ఆరోగ్యంతో, నిండు నూరేళ్ళు సుఖంగా జీవించాలని మనసారా కోరుకుంటూ, ఆదెమ్మ గారు వెళ్ళే పల్లెలలో ఈ నాటికీ ఒక్కటి కూడా తగ్గలేదని వారికి సగర్వంగా విన్నవించుకుంటున్నాం.