వెనక్కి తిరుగు, పాలీ

ఆ సొరుగులో నీలం రిబ్బన్లా? అబ్బే, సంబరపడకే తల్లీ, మొదటి బహుమతులు కావవి. మన వైపు మొదటిదానికి ఎర్ర రిబ్బను, రెండోదానికి నీలం. అన్నీ రెండోవే. ఆగస్టు ఫెయిర్లో కుట్టుపోటీకి పదిహేనేళ్ళు వరసగా వెళ్ళి, పదిహేనేళ్ళూ రెండోదిగానే వచ్చిన మహాతల్లి మీ అమ్మమ్మ. నవ్వు, నవ్వు. మొదటిది ఎవరికంటావా? ఇంకెవరికి, ఆ హాల్వర్ ఎంగెన్‌కి. ధాన్యం గిడ్డంగిలో పనిచేసేవాడు. నువ్వు పుట్టకముందే పోయాడులే. ఆ టీ చల్లారిపోతోంది, తాగు.

ఆ, మగాడే. మొదట్లో మాకూ తెలీదు. పోటీకిచ్చిన బట్టకి పేరుండదు, నంబరు చీటీ ఉంటుందంతే. చూసి మార్కులేసే ఆవిడ పక్క జిల్లా నించి వచ్చేది. బట్ట పైకి ఎలా ఉందో చూడదు, తిరగేసి లోపలి కుట్లు చూస్తుంది. సాయంత్రం, చలికాలంలో మంచు మీద రాళ్ళు దొర్లించి ఆడే కర్లింగ్ హాల్లో గోడకి ఫలితాలు అంటించేవాళ్ళు. ఏటా అదే పేరు, హెచ్. ఎంగెన్, మగవాళ్ళ చొక్కా. వాళ్ళ చెల్లెలు హిల్డా వచ్చి రిబ్బను పట్టుకుపోయేది. ఆవిడ నోరు విప్పితేగా! మేమంతా ఆవిడే కుడుతోందనుకున్నాం. "అన్నగారికి ఎంత శ్రద్ధగా కుడుతుందమ్మా" అని చర్చి మెట్ల మీద ఒకటే మెచ్చుకోళ్ళు. నాకు కడుపు మండిపోయేది. ఒకసారి కేకులోకి పుల్లటి రూబార్బు కాడలు తెచ్చుకుందామని వాళ్ళింటికెళ్తే, ఆవిడ స్కర్టుకి జిప్పు ఊడిపోయి పిన్నీసు పెట్టుకునుంది. చూశాను, కళ్ళారా చూశాను. అయినా తట్టలేదే! పనిమంతురాలికి తన బట్టలు కుట్టుకునే తీరికుండదు కాబోలు అని నేనే సర్దిచెప్పుకున్నా.

అప్పుడు కమిటీకి సెక్రటరీని నేను. సెక్రటరీ అంటే ఏముంది, కేకులు నేను చెయ్యాలి, రూల్సు నేను రాయాలి. ఆ ఏడు ఒక రూలు రాశా. "ఎవరి ఒంటికి వారు కుట్టుకున్న బట్టే పోటీకి పనికొస్తుంది, దాన్ని కుట్టినవాళ్ళే తొడుక్కుని అందరి ముందూ నడవాలి." ఎంత న్యాయంగా ఉందో చూడు! హిల్డా కుట్టేది అన్న చొక్కాలు గనక ఆవిడ పీడ విరగడైనట్టే. అందరూ చప్పట్లు కొట్టారు. మీ తాతయ్య మాత్రం "ఎవరి మీదే ఈ కత్తి?" అన్నాడు. బంగాళదుంప కూరిన పెరోగీలు వడ్డించి నోరు మూయించా.

నేనేమో ఆకుపచ్చ గళ్ళ ఫ్రాకు కుట్టుకున్నా. గళ్ళ గుడ్డంటే తెలుసుగా, అతుకు దగ్గర గడికి గడి కలవాలి, లేకపోతే దొరికిపోతాం. ముందువైపు కుదిరింది. వెనక జిప్పు దగ్గర అరంగుళం తప్పింది. వీపెవరు చూస్తారులే అనుకున్నా. నడిచినదాన్ని మళ్ళీ తిరిగి రావాలి కదా, అప్పుడు వీపే కదటే కనిపించేది! రూలు రాసిందాన్ని నేనే, అంతమాత్రం తోచలేదు. హాలు చివరికంటా రాణీలా వెళ్ళి, తిరిగానో లేదో, వెనకనుంచి గుసగుసలు. సరే, అదయింది. తర్వాత "హెచ్. ఎంగెన్" అని పిలిచారు. హిల్డా లేవలేదు. పక్కనించి హాల్వర్ లేచాడు. ఆరడుగుల మనిషి, పశువులకి గడ్డి వెయ్యడానికి వెళ్తున్నట్టు నడుచుకుంటూ వచ్చాడు. ఒకటే నవ్వులు. "హాల్వర్, మా ఆవిడకో లంగా కుట్టిపెట్టవోయ్" అని ఎవడో అరిచాడు. అతనేమో నింపాదిగా "కుదరదు. నాకు నేను కుట్టుకోడానికే పొద్దు చాలట్లేదు" అన్నాడు. ఆ మార్కులావిడ అతని చేతి అంచు మడతపెట్టి చూసింది, కాలరు ఎత్తి చూసింది. "ఏమయ్యా, ఇందులో ఏది లోపలివైపు, ఏది బయటివైపు?" అంది. ఇంక ఎవడూ నవ్వలేదు.

చిన్నప్పట్నించీ బస్తాలు మోసి అతని కుడిభుజం జారిపోయింది. బజార్లో చొక్కా ఏదేసుకున్నా ఒకపక్క వేలాడేది. అందుకని చెల్లెలు మూల పడేసిన మిషను తుడుచుకుని మొదలుపెట్టాడట. "మొదటి చొక్కా వేసుకున్న రోజు నేను తిన్నగా ఉన్నానని తెలిసింది పాలీ. ఆ సుఖం మరిగాక వదుల్తానా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడులే. అప్పట్నించీ పోస్టాఫీసు దగ్గర కనిపిస్తే ఇద్దరం కాజాల గురించీ దారాల గురించీ మాట్లాడుకునేవాళ్ళం. మీ తాతయ్యకి ఆవులింతలొచ్చేవి. హాల్వర్ మాత్రం నా కుట్టుని ఒక్కసారంటే ఒక్కసారి పూర్తిగా మెచ్చుకోలేదు, పెద్దమనిషి. నేను కొత్తది వేసుకుంటే ఎగాదిగా చూసి, "బాగుంది. వెనక్కి తిరుగు, పాలీ" అనేవాడు. తొమ్మిదేళ్ళు అదే మాట. ఆ మాట కోసం కుట్టేదాన్నంటే నమ్ముతావా? ఛ, ఏం మాటలే నావి. ఆ బిస్కట్టు తీసుకో.

ఓ ఏడు మార్చిలో పోయాడు హాల్వర్. పొద్దున్నే వాకిట్లో మంచు పారతో తోస్తూ తోస్తూ కూలబడ్డాడు. హిల్డా పిండిసంచిలో గుడ్డముక్కలు పట్టుకొచ్చింది. అతను కత్తిరించి గుండుసూదులు గుచ్చి పెట్టుకున్న చొక్కా. "నాకు గుండీ కూడా కుట్టడం రాదు, నీకు తెలుసుగా. పెట్టెలో పడుకోబెట్టేటప్పుడు ఇదే తొడగాలి, నువ్వే దిక్కు" అంది. రెండు రోజులు కూచున్నా. నీలం గళ్ళు. వాటంగా ఆ కుడిభుజం కిందికి దించి కుట్టా. వెనక గడికి గడి కలిపా, వెంట్రుకంత తేడా లేకుండా. లోపలేదో బయటేదో నాకే తెలియకుండా కుట్టానే! నా జన్మలో అలాంటిది ముందు కుట్టలేదు, తర్వాతా కుట్టలేదు. తీసుకెళ్ళి ఇస్తే, అంత్యక్రియలు చూసే లాయిడ్ "వెనకనుంచి నిలువునా కత్తిరిస్తే తొడగడం తేలికండీ, పడుకున్న మనిషి వీపు ఎవరు చూస్తారు" అంటూ కత్తెర తీశాడు. నాకెక్కడ లేని కోపం వచ్చింది. "దాని మీద కత్తెర పడిందా, నీ వేళ్ళుండవు" అన్నా. నేనూ హిల్డా ఎత్తి పట్టుకుంటే తొడిగాడు. అది వేసుకుని తిన్నగా పడుకున్నాడు.

ఆ ఏడు ఆగస్టులో నాకు మొదటి బహుమతి వచ్చింది. వచ్చిందిలే, పోటీకి ఇంకెవరున్నారు గనక. నడిచా, చివరిదాకా వెళ్ళి వెనక్కి తిరిగి చాలాసేపు నించున్నా. ఎర్ర రిబ్బనా? పిల్లి మెళ్ళో కట్టా.

ఆ సొరుగు ముయ్యి. ఏంటే ఆ స్కర్టు, నువ్వే కుట్టావా? బాగుంది. వెనక్కి తిరుగు.