రసాలు తిన్న గోబర్ గ్యాస్

రెండు వేల ఇరవై మూడు, వేసవి. మామిడికాయ ఇంకా చెట్ల మీద ఉండగానే గాలివాన వచ్చి సగం తోటల్ని నేల మీద పరిచేసి వెళ్ళింది. ఆ తర్వాత కొన్నాళ్ళకి ఒక సాయంత్రం చాట్రాయి రోడ్డు మీద దయామణి టీ బడ్డీ దగ్గర ప్రసాద్ చేతిలో టీ చల్లారిపోతున్నా తాగకుండా కూర్చున్నాడు. మర్నాడు వాళ్ళమ్మాయి లావణ్య ఓణీల ఫంక్షను. మూడొందల మందికి భోజనాలు. "నా గోబర్ గ్యాసు ఉండగా నీకు సిలిండర్లెందుకురా, గోడ మీంచి పైపు లాగేస్తాను" అని పక్కింటి పాండురంగారావు మావయ్య అన్న మాట నమ్మి, చెప్పిన సిలిండర్లు వద్దనేశాడు. ఆ పెద్దమనిషేమో రెండు రోజులుగా పైపు ఊసెత్తట్లేదు.

"మావయ్యా, పొద్దున్నే వంటవాళ్ళు దిగుతారు. పొయ్యి వెలుగుతుందా లేదా? అదొక్కటి చెప్పు."

"వెలగడమేంట్రా పిచ్చోడా! దాన్ని ఆర్పడం ఎలాగా అని నేను చస్తుంటే!" పాండురంగారావు తువ్వాలుతో బల్ల దులిపి సర్దుకు కూర్చున్నాడు. "అందరూ ఏం వేస్తారు? పేడ, గడ్డి. నేనూ అదే వేసేవాణ్ణి. రెండు గేదెల పేడ, ముక్కలు కొట్టిన వరిగడ్డి. ఇద్దరికీ కూరా అన్నం ఉడికేది. మొన్న గాలికి రాలిన రసాలున్నాయి చూశావూ, ఒక్క వ్యాపారీ ముట్టుకోలేదు, పారేయడానికి నాకు మనసొప్పలేదు, తట్టలకి తట్టలు తెచ్చి ఆ గోతిలో పోశా. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"కంపు కొట్టుంటుంది," అన్నాడు ఆటో రవితేజ.

"నోర్ముయ్. నీలంగా రావాల్సిన మంట పండు రంగులో వచ్చింది! మీ అత్త పున్నమ్మ వంకాయ వేయిస్తే మామిడిపండు వాసన. ఇడ్లీ పెడితే తియ్యటి ఇడ్లీ."

"బాగుంది. మరి పైపు..."

"ముందు వినరా. గోతి మీద ఇనప డ్రమ్ము ఉంటుందిగా, గ్యాసు నిండితే మూరెడు లేస్తుంది. తెల్లారేసరికి తాటిచెట్టంత లేచి కూర్చుంది! ఎగిరిపోతుందేమోనని గేదె పలుపుతో కట్టా. గేదె కూడా లేచింది! పూటకి ఐదు లీటర్లిచ్చే గేదె, ఎలా వదులుతాను? తోక పట్టుకున్నా. నేనూ లేచా. తోటల మీంచి పోతుంటే, నిచ్చెనకి అందని చిటారు కొమ్మల కాయలన్నీ కాళ్ళతో తన్ని కోసేశా. నూజివీడు దాకా పోయామా, పెద్ద కాలేజీ పిల్లలంతా మేడలెక్కి ఫోన్లు పైకెత్తి వీడియోలు. ఆర్టీసీ బస్సు కండక్టరు కిటికీలోంచి తల పెట్టి, గేదెకి లగేజీ టికెట్ తీసుకోమంటాడు!"

"తీసుకున్నావా?"

"ఎలా తీస్తానురా? డబ్బులు లుంగీ మడతలో, రెండు చేతులూ తోక మీద. దిగాక ఇస్తానన్నా."

"దిగడం ఎలా దిగావు బాబాయ్?" అడిగాడు రవితేజ.

"వాల్వు తిప్పి అగ్గిపుల్ల గీశా."

"రెండు చేతులూ తోక మీదున్నాయన్నావు?"

"అప్పటికి పళ్ళతో పట్టుకున్నాలే! కింద చూస్తే ఉంగుటూరు. ఎవరింట్లోనో పెళ్ళి. మంట చూసి వంటవాళ్ళు డేగిశాలు నెత్తిన పెట్టుకుని నా కింద పరుగే పరుగు. నేను ఊరు దాటేసరికి వెయ్యి మందికి పప్పు, పులుసు, గుత్తి వంకాయ ఉడికిపోయాయి. అప్పడాలైతే ఊరికే పైకి విసిరారు, వేగి కింద పడ్డాయి. అలాంటి గ్యాసుకి నీ మూడొందల మంది ఒక లెక్కట్రా?"

అందరూ నవ్వారు. ప్రసాద్‌కి మాత్రం నవ్వు రాలేదు. "అయితే పైపు ఇప్పుడే లాగుదాం పద."

పాండురంగారావు లేవలేదు. ఇంకో టీ చెప్పాడు.

దయామణి టీకి బదులు స్టీలు క్యాను తెచ్చి అతని ముందు పెట్టింది. "బాబాయిగారండీ, వారం నుంచి మీ ఇంటి పాలు నా పొయ్యి మీద ఎందుకు కాగుతున్నాయండీ? ఇందాక పున్నమ్మగారు ఇచ్చి వెళ్ళారు. కాగాయి, పట్టుకెళ్ళండి."

రవితేజకి టీ ముక్కులోకి పోయింది.

"గ్యాసు వస్తోందిరా," అన్నాడు పాండురంగారావు మెల్లిగా. "వెలగట్లేదు, అంతే."

"మావయ్యా!"

"అన్ని పళ్ళు ఒక్కసారే పోసేసరికి గొయ్యి పులిసిపోయింది. సున్నం కలిపి, కొత్త పేడ పోసి నెల్లాళ్ళు ఆగమన్నారు."

"ఆ ముక్క మొన్నే చెప్పొచ్చుగా?"

"మొన్న నువ్వు నలుగురిలో నన్ను పొగిడావు కదరా. ఎలా చెప్పను?"

మర్నాటికి సిలిండర్లు దొరకలేదు. లావణ్య ఫంక్షను భోజనాలు కట్టెల పొయ్యి మీద వండారు. కట్టెల కోసం పాండురంగారావు తన గేదెల పాక విప్పి ఇచ్చాడు. ఆ వానాకాలమంతా గేదెలు ఆయన మంచం వేసుకునే వసారాలో ఉన్నాయి, పాండురంగారావు వంటింట్లో పడుకున్నాడు.