దోమల చేత ఉపవాసం చేయించిన ఏసుపాదం

చోడవరంలో సాయంత్రం పూట కరెంటు పోతే మా వీధి జనానికి రెండే దారులు. ఇంట్లో కూర్చుని దోమల్ని తిట్టుకోవడం, లేదా ఏసుపాదం గారి అరుగెక్కడం. అరుగు మీదా దోమలుంటాయి. కాకపోతే ఆయన మాట్లాడుతుంటే కుట్టిన సంగతి తెలీదు. ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి. స్టీరింగు వదిలేశాడు గానీ యాక్సిలరేటరు మీంచి కాలు తియ్యలేదని ఆయన భార్య స్వర్ణకుమారి అంటూ ఉంటుంది. అంటుంది గానీ, ఆయన కథ ఎత్తుకుంటే స్టవ్ కట్టేసి వచ్చి గుమ్మంలో కూర్చునేదీ ఆవిడే. ఇన్నేళ్ళ కాపురంలో ఏ కథా రెండోసారి మొదటిసారిలా వినలేదు. అంత చక్కగా అబద్ధం చెప్పే మొగుడు ఈ చుట్టుపక్కల ఇంకెవరికీ లేడని ఆవిడకి లోలోపల గర్వం.

ఆ వానాకాలం ఊరంతా డెంగీ భయం. ఏ వీధిలో చూసినా వేపాకు పొగ. బొప్పాయి చెట్లన్నీ బోడులైపోయాయి. ఏసుపాదం గారి పెరట్లోదొక్కటే ఇంకా పచ్చగా ఉంది. దాని కోసమే పక్కింటి ఫణిశ్రీనివాస్ వచ్చాడు. బ్యాంకులో ఉద్యోగం. వాళ్ళమ్మాయి దేవిశ్రీ కొన్నాళ్ళుగా జ్వరంతో పడి ఉంది. లేతాకులు కోసి సంచిలో వేసుకుని వెళ్ళిపోతుంటే ఏసుపాదం ఆపాడు.

"ఆకొక్కటీ ఉంటే సరిపోద్దేటి బాబూ? దానికో పద్ధతుంది. కూకో, సెప్తాను."

అప్పటికే అరుగు మీద ఇద్దరున్నారు. ఒకరు పోస్టుమాస్టరుగా చేసి రిటైరైన వేంకటరమణమూర్తి గారు, రెండోవాడు స్వర్ణకుమారి మేనల్లుడు, ఆటో నడిపే ఆస్టిన్.

"పోయినేడు ఇదే వానల్లో నాకు పట్టుకుంది జ్వరం. అందరూ ఆస్పత్రన్నారు, టెస్టన్నారు. నేనింటానేటి? మా చెట్టాకు దంచి, గుడ్డలో పిండి, గ్లాసుడు రసం ఒక్క గుక్కలో తాగేసేను. మూతి కూడా తిప్పలేదు."

"చేదుగా ఉండదా బాబాయ్ గారూ?" అన్నాడు ఫణి.

"చేదు నాలుక్కి కదా బాబూ. నేను నాలుక్కి సెప్పకుండా తాగేసేను. తెల్లారేసరికి జ్వరం ఏదీ? రిక్వెస్టు స్టాపులో దిగిపోయినట్టు దిగిపోయింది! ఆ రోజు శుక్రవారం. తానం సేసి, మా సర్చిలో ఉపవాస ప్రార్థనకి ఎల్లేను. మోకాళ్ళూని, తల సాపకి ఆనించేను. పాటయిపోయింది, వాక్యమయిపోయింది, అందరూ లేచిపోయేరు. నేను లెగలేదు. పాస్టరు గారు గొంతు తగ్గించేసి, 'సూడండమ్మా, జ్వరంలోంచి లేచొచ్చి ఎలగ ప్రార్థిస్తన్నాడో' అని నన్ను అందరికీ సూపించేరు. మా సంఘంలో ఇప్పటికీ ఆ శుక్రవారం గురించి సెప్పుకుంటారు. కావలిస్తే స్వర్ణనడగండి."

స్వర్ణకుమారి కొంగు సర్దుకుంది.

"ఆ తర్వాత ఏటయిందో తెల్సా? సరదాకి రక్తం టెస్టు సేయించేను. మిషను గిర్రున తిరిగి తిరిగి ఆగిపోయింది. ల్యాబు కుర్రోడు సేతులు జోడించేడు. 'తాతగారూ, మీ ప్లేట్‌లెట్లు ఎయ్యడానికి మా దగ్గర సున్నాలు సాలవు' అన్నాడు."

"సున్నాలు కూడా అయిపోతాయా ఏసుపాదం?" అన్నారు మూర్తి గారు.

"సీజను కదండీ మూర్తి గారూ, అన్నిటికీ కొరతే. అసలిశేషం అది కాదు. నన్ను కుట్టిన దోముంది సూడండి, ఆ రసం దాని కడుపులోకీ ఎల్లిందా? ఓ మూరెడు ఎగిరి గోడకి గుద్దుకుంది. లేచి, నాకు దండమెట్టి ఎల్లిపోయింది. ఆ కబురు దోమలన్నిటికీ పాకిపోయింది. వీధి మొగదలకొచ్చి నా వాసన తగలగానే యూటర్ను కొట్టెయ్యడమే! ఇంక ఈ ఊళ్ళో బతకలేమని అన్నీ చెరుకు ట్రాక్టర్లెక్కేసేయి."

"వానల్లో చెరుకు ట్రాక్టర్లెక్కడివి మావయ్యా?" అన్నాడు ఆస్టిన్.

"అందుకే కదరా, పాపం సీజను దాకా పస్తులతో కాసుక్కూకున్నాయి! రోలుగుంటలో మా బావమరిది బెల్లం వండతన్నాడు. ట్రాక్టరు అక్కడాగింది. ఆవిరి తగిలి దోమలన్నీ పెనంలో పడ్డాయి. బెల్లం చేదు విషం! ఆడు నెత్తీ నోరూ కొట్టుకుంటన్నాడు. 'ఎర్రోడా, ఏడుస్తావేటి, సుగరున్నోళ్ళకి అమ్ము' అన్నాను. అనకాపల్లి నుంచి కార్లేసుకొచ్చి క్యూ కట్టేసేరు. తిన్నోడికల్లా సుగరు నార్మలు!"

"అత్తకి తమ్ముడంటే మా నాన్నొక్కడే కదా. మా నాన్నెప్పుడు బెల్లం వండేడు?"

"నువ్వు పుట్టకముందు."

"పోయినేడన్నావు కదా!"

"ఒరే, బండి నడుస్తన్నప్పుడు డ్రైవర్తో మాటాడకూడదని రాసుంటాది, సూళ్ళేదేటి?" అని కసిరి ఏసుపాదం గేరు మార్చాడు. అరుగంతా నవ్వు. ఫణి కూడా నవ్వాడు. ఇన్నాళ్ళకి ఆ ముఖంలో నవ్వు చూసి స్వర్ణకుమారికి ముచ్చటేసింది. భయంతో వచ్చిన మనిషిని నవ్వించి పంపడం ఈయనకే చేతనవునని మురిసిపోయింది.

"ఆకరికి చీడికాడ కొండల్నుంచి పెద్ద దోమలు రాయబారానికొచ్చేయి. ఒక్కోటీ కోడిపెట్టంత! ఇదిగో, మూర్తి గారు కూకున్నారే, సరిగ్గా అక్కడే కూకున్నాయి. 'ఏసుపాదం గారూ, పిల్లలు గలోళ్ళం, ఏదో దారి సూపించండి' అన్నాయి. నాదసలే జాలిగుండె. 'సరే, బతకండి. కానీ మా సంఘంలో లాగే వారానికో రోజు ఉపవాసముండాల, అదీ శుక్రవారం' అన్నాను. ఒప్పుకున్నాయి. ఇప్పుడు గవర్నమెంటోళ్ళు శుక్రవారం డ్రై డే, తొట్టెల్లో నీళ్ళు పారబొయ్యండని ఇంటింటికీ తిరుగుతన్నారా? ఆళ్ళకి శుక్రవారం ఎవరిచ్చేరనుకున్నారు?"

మూర్తి గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకోవలసి వచ్చింది. ఫణి సంచి తీసుకుని లేచాడు.

"మీ మాటతో ధైర్యమొచ్చింది బాబాయ్ గారూ. ఆస్పత్రికి పోదామని మా ఆవిడ శ్రీదేవి ఒకటే గొడవ. మీకు దిగినట్టే మా పాపకీ ఈ పొద్దున్న జ్వరం దిగిపోయింది. ఈ రసం పట్టించేస్తే సరి. కడుపు నొప్పంటోంది, వాంతులయ్యాయి గానీ, మధ్యాహ్నం నుంచీ ఒకటే నిద్ర. చేతులూ కాళ్ళూ చల్లగా ఉన్నాయి."

స్వర్ణకుమారి నవ్వు ఆగిపోయింది. ఆ చల్లదనం ఆవిడకి తెలుసు.

ఆ శుక్రవారం ముక్క ఆయన ఎన్నిసార్లు చెప్పినా ఆవిడ నోరు మెదపలేదు. సంఘంలో ఆయనకి దక్కిన గౌరవమది. దాన్ని నలుగురిలో తీసెయ్యాలంటే ఆవిడకి ప్రాణం ఒప్పలేదు. ఫణి అప్పటికే మెట్టు దిగుతున్నాడు.

"ఆగు బాబూ," అంది గట్టిగా. "ఆ రోజు ఈయన ప్రార్థన సెయ్యలేదు. తెలివి తప్పిపోయేరు."

"ఒసే స్వర్ణా..." అన్నాడు ఏసుపాదం.

"మీరుండండి. జ్వరం దిగిపోయిందని సంబరపడి సర్చికి తీసుకెళ్ళేం బాబూ. వంగినోరు వంగినట్టే ఉండిపోతే అందరం భక్తనుకున్నాం. పాస్టరు గారు పొగుడుతుంటే నేనూ పొంగిపోయేను. కదపబోతే, ప్రార్థనలో ఉన్నోణ్ణి ముట్టుకోకమ్మా అన్నారు. ఆకరికి సెయ్యి పట్టుకుంటే, నువ్విప్పుడు సెప్పేవే, అలగే ఉంది. ఈ జబ్బులో జ్వరం దిగినప్పుడే కనిపెట్టుకుని ఉండాలని డాక్టరు గారు నామీద కేకలేసేరు. ఇంకాస్త ఆగితే మనిషి దక్కడన్నారు. ఈయన్ని బతికించింది సెలైను. ఆ రసం ఒక్క సుక్క తాగలేదు, వాసనకే వాంతి సేసుకున్నారు. ఆకులక్కడ పడేసి పాపని తీసుకురా. పరిగెట్టు!"

ఫణి చేతిలోంచి సంచి జారిపోయింది. ఎవరూ ఏసుపాదం ముఖం చూడలేదు. స్వర్ణకుమారి కూడా చూడలేకపోయింది. అందరికంటే ముందు లేచింది మాత్రం ఆయనే.

"ఆస్టిన్, ఆటో తియ్యరా," అన్నాడు. అంత చిన్న గొంతుతో ఆయన మాట్లాడగా ఆవిడ ఎప్పుడూ వినలేదు.

పెద్దాసుపత్రిలో పాపని వెంటనే చేర్చుకున్నారు. మంచి సమయానికి తెచ్చారన్నారు.

దేవిశ్రీ తేరుకుని ఇంటికొచ్చాక, మళ్ళీ ఒక సాయంత్రం కరెంటు పోయింది. పాప వచ్చి స్వర్ణకుమారి ఒళ్ళో కూర్చుంది. ఏసుపాదం ఇన్నాళ్ళూ అరుగు మీద గట్టిగా మాట్లాడింది లేదు. ఆయన గొంతు సవరించుకుంటే ఆవిడ ప్రాణం లేచొచ్చింది.

"ఆ రోజు ఆటో నేను తీసుకున్నాను. ఆస్టిన్‌గాడికి సేతులు వొణికిపోతన్నాయి. నా స్పీడుకి చక్రాలు రోడ్డుకి తగల్లేదు! ఎదురొచ్చిన బస్సులన్నీ పక్కకి తప్పుకుని సెల్యూట్ కొట్టేయి. ఆ తర్వాత ఏటయిందో తెల్సా?"

"నాకు తెల్సు," అంది దేవిశ్రీ. "ఆటో ఆస్టిన్ మావయ్య నడిపేడు. నువ్వు వెనక కూర్చుని ఏడ్చేవు తాతా."

అరుగంతా గొల్లుమంది.

"ఏడుపు కాదే గుంటా. ఇంజను వేడెక్కితే నీళ్ళు పొయ్యాల కదా."

"మరి నీళ్ళు నా గౌను మీద పోసేవేం? నేను నిద్రపోలేదు, కళ్ళు మూసుకున్నానంతే. 'యేసయ్యా, నా కోతలు ఇని ఈ గుంటకేటైనా అయితే నేనుండను, నన్ను తీసుకుని దీన్నొగ్గెయ్' అన్నావు. దారంతా అదే అన్నావు."

ఏసుపాదం టీ గ్లాసు ఎత్తి ముఖానికి అడ్డం పెట్టుకుని చాలాసేపు తాగాడు. అందులో టీ ఎప్పుడో అయిపోయిందని స్వర్ణకుమారికి తెలుసు.