నాలుగో మంచం

మధ్యాహ్నం వార్డులో ఇన్సులిన్ సూది వేసి వచ్చిన కొత్త నర్సు, మందుల బల్ల దగ్గరున్న పెద్ద నర్సు చెయ్యి పట్టుకుంది.

“అక్కా, కిటికీ పక్కన పడుకున్నాయన తనకు షుగరే లేదంటున్నాడు!”

“నువ్వు సూది ఎవరికి వేశావే?”

“నాలుగో మంచానికి. ఆ కిటికీ పక్కదానికే.”

“మంచానికి సూదేంటే? మనిషెవరు?”

“అదే తెలియట్లేదక్కా. ఆయనా, పక్క మంచం పెద్దాయనా మంచాలు మార్చుకున్నారు. ఈయనకి గాలి కావాలట, ఆయనకి ఎండ పడదట.”

“సూదికి ముందా, తర్వాతా?”

“ఒకాయన ముందంటాడు, ఇంకొకాయన తర్వాతంటాడు. నేను సూది పొడిచానని మాత్రం ఇద్దరూ అంటున్నారు.”

“పొద్దున ఇద్దరికీ రక్తం తీసిందీ సూదితోనే కదా తల్లీ! మొహం గుర్తులేదా?”

“ఇద్దరిదీ నెరిసిన గడ్డమే, ఒకటే ఆసుపత్రి చొక్కా. నా తల తిరిగిపోతోందక్కా.”

“చేతి పట్టీ మీద పేరు చూడలేదా?”

“రోజూ చూసే మనిషేగా అనుకున్నాను.”

“నీ అనుకోవడం తగలెయ్య! పరుగెత్తు. ఇద్దరికీ వేలు పొడిచి షుగర్ చూడు.”

కాసేపటికి వార్డులోంచి కేక వినిపించింది.

“అక్కా, కిటికీ పక్కాయనకే! షుగర్ పడిపోతోంది, ఒళ్లంతా చెమట!”

“గ్లూకోజు నీళ్లు తాగించు, డాక్టరుగారిని పిలుస్తున్నా. మింగుతున్నాడా?”

“మింగుతున్నాడు.”

పావుగంటకి కొత్త నర్సు మళ్లీ పిలిచింది.

“కాస్త తేరుకున్నట్టున్నాడు. నీ పేరేంటి నర్సమ్మా అని అడుగుతున్నాడక్కా. ఫిర్యాదు చేస్తాడేమో, చెప్పనా?”

“చెప్పు. చెప్పి, ఆయన పేరు కూడా అడుగు.”