సముద్రం అడుగున మా ఫ్రిజ్జి గ్యాసు

రెండువేల నాలుగు ఎండాకాలం. రాజంపేటలో మా వసారాలో ఉండే ఫ్రిజ్జిని పాతసామాన్ల బండికి వేస్తానని మా కొడుకు ప్రదీప్‌కుమార్ బండాయనకు ఫోన్ చేసి కూర్చున్యాడు. వాళ్ల నాయన నాకని తెచ్చిన ఫ్రిజ్జి అది. ఆగిపోయి పదేండ్లు, ఊరగాయ జాడీలకు బీరువా అయింది. ఒక్కసారి చూడప్పా అని బతిమాలితే మెకానిక్ ఓబులేసు దాని వెనకాల దూరినాడు. బండి వచ్చేలోగా ప్రదీపు మనసు మార్చాల. మొదలుపెట్టినా.

"గ్యాసు పోయింది, అదేమంత గొప్ప కాదులే. యాడికి పోయిందో తెలుసునా?"

"గాల్లోకి పోయింటాది పుల్లమ్మక్కా," అనింది పక్కింటి కృష్ణవేణమ్మ, చింతపండులో గింజలు తీస్తా.

"గాల్లోనించి సముద్రంలోకి. గోవాలో సముద్రం చదువు చదువుతాండే మా మనవరాలు రమ్యశ్రీ చెప్పింది. వాళ్లు కంప్యూటర్లో ఒక సముద్రం చేసినారంట. పైనీళ్లు అడుక్కు ఎప్పుడు దిగుతాయో, యాడికి పోతాయో అది చెప్తాది. నిజమో కాదో తేల్చాలంటే ఓడలో పోయి లోతునీళ్లు తోడి, ఫ్రిజ్జి గ్యాసు ఎంతుండాదో చూస్తారు. మనుషులు చేసేదాకా లోకంలో లేని గ్యాసు గదా, అదుండే నీళ్లు ఈమధ్యన పైనించి దిగినవే. ఆ తర్వాత ఏమైందో తెలుసునా? కంప్యూటరు మాట ఒకటి, ఓడ మాట ఒకటి. ఏది నిజమో తేల్చమని నాకోసం ఓడ పంపినారు, మన ఊరి ఏరు చెయ్యేట్లోకి."

"ఈ ఎండల్లో చెయ్యేట్లో నీళ్లు యాడివక్కా?"

"ఓడే తెచ్చుకునింది. నాలుగు కిలోమీటర్ల లోతునీళ్లు గ్లాసులో ఇస్తే, గుక్కెడు తాగి, ఇది మా ఫ్రిజ్జి గ్యాసే, ఉసిరికాయ ఊరగాయ వాసనొస్తాండాది అన్నా. మంచు సముద్రంలో మునిగి అడుగునే నడిచొచ్చింది పాపం. కంప్యూటర్లో సముద్రం మెల్లగా తిరుగుతాంటే నా మజ్జిగ కవ్వం పెట్టి రెండు తిప్పులు తిప్పినా. లెక్క కుదిరింది. చేపలకు మాత్రం మూడు రోజులు తల తిరిగింది. ఇంత పేరుండే ఫ్రిజ్జిని బండికేస్తారా ఎవరన్నా?"

ప్రదీపు బండి కోసం వీధిలోకి తొంగి చూసినాడు. ఓబులేసు ఫ్రిజ్జి వెనకనించి తల బయట పెట్టినాడు.

"అవ్వా, నీ గ్యాసు సముద్రానికి కాదు, ఈ వసారా గడప గూడా దాటలా. అంతా ఈడనే ఉండాది. ఎలకలు వైరు కొరికినాయి, అతికించినా."

స్విచ్చి వేసినాడు. ఫ్రిజ్జి ఒక్కసారి వణికి, గుర్రుమనింది. కృష్ణవేణమ్మ నవ్వి నవ్వి చింతపండు ఒలకబోసింది. ప్రదీపు ఆ చప్పుడు కాసేపు విని, బండాయనకు రావద్దని ఫోన్ చేసినాడు.

"అయితే ఆ ఓడోళ్లకు తప్పు చెప్పొచ్చినానే," అన్నా, జాడీలు ఒక్కొక్కటే బయటికి తీస్తా.