మొదటి బాస్కెట్ పడేదాకా

ఇండియానాలోని ఆ ఊరి కాలేజీ తన బాస్కెట్‌బాల్ కోచ్‌ను మార్చిన మర్నాడు, బావాబావమరుదులు హోటల్లో కాఫీ తాగుతున్నారు. సీజన్ టికెట్లకు ఆ రోజే ఆఖరు. బావకు మోకాలి మార్పిడి ఆపరేషనై నెల దాటింది. ఆయనచేత ఈసారి సీటు కొనడం మాన్పించమని అక్క చెబితేనే బావమరిది వచ్చాడు.

“మనవాళ్లు మొదటి బాస్కెట్ వేసేదాకా హాల్లో ఎవరూ కూచోరు బావా. నీవల్ల కాదు. సీటు వదిలెయ్.”

“కొత్త కోచ్ ఉరుకులు పెట్టి ఆడిస్తాడట. ఇలా లేచి అలా కూచోవడమే.”

“పాతాయన వచ్చినప్పుడూ ఇదే అన్నావు. మిల్‌బ్రూక్ వాళ్లతో ఆట ఏమైంది?”

“గెలిచాం.”

“గెలిచాంలే. మొదటి బాస్కెట్‌కి తొమ్మిది నిమిషాలు నిలబెట్టారు. నీ మోకాలు పాడైంది అక్కడే.”

“ఆఖరి బంతి గాల్లో ఉండగానే టైమైపోయిందని హూటర్ మోగింది. అది పడ్డాక నా భుజం మీద పడి ఏడ్చావు, గుర్తుందా?”

“అది చెమట.”

బావమరిది దాచుకున్న అస్త్రం తీశాడు.

“కిందటేడు ఈ కొత్తాయన జట్టు కూడా ఒకసారి ఏడు నిమిషాలు సున్నా దగ్గరే ఉంది. తెలుసా?”

బావ కప్పు కింద పెట్టాడు. ఈ దెబ్బతో దారికొచ్చాడనుకున్నాడు బావమరిది.

“వాళ్ల ఊళ్లోనూ నిలబడతారా?”

“నిలబడ్డారు. ఒక్కడూ కూచోలేదట.”

“అయితే ఆయన మనకి సరిపోతాడు. మనిద్దరి సీట్లూ తీసుకో.”

“మరి అక్కకేం చెప్పను?”

“డాక్టరు కొత్త మోకాలు పెట్టింది సోఫాలో కూచోడానికి కాదని చెప్పు.”