బెల్టు చప్పుడుకి మాట

(జర్మనీ ఉత్తరపు తీరంలో, సముద్రపు కట్ట పక్కన ముసలావిడ ఫోల్కె ఇల్లు. టీ బల్ల మీద, చప్పుళ్ళకి జనం అనే మాటలు పోగుచేసే ప్రొఫెసర్ లూడర్స్ టేపు రికార్డరు తిరుగుతోంది.)

“విన్నారా? టీ పొయ్యగానే కప్పులో కలకండ చిటపటమంది. క్నిస్టర్న్ అంటాం.”

“అది అందరూ అనేదేనమ్మా. డచ్చివాళ్ళదీ ఇంచుమించు అదే. నాక్కావలసింది ఈ ఊళ్ళోనే పుట్టిన మాట. ఎవరో ఒక చప్పుడు విని, దాన్నే నోటితో... ఏమిటది? లోపలి గదిలో?”

“పంది కాదులెండి. మా ఆయన గారెల్ట్.”

“గొంతు గురగురమంటోంది!”

“దాన్ని రోచెల్న్ అంటాం. రాసుకోండి.”

“అదీ అందరికీ ఉన్నదే... అమ్మా, ఆయనకి ఊపిరాడటంలేదు! డాక్టర్ని పిలిపించరేం?”

“ఫోను లేదు. ఈ చుట్టుపక్కల కారున్నది మీకే.”

“మరి ముందే చెప్పొద్దూ! ఇప్పుడే వెళ్ళి తీసుకొస్తా. అందితే బతుకుతాడు.”

“అయ్యో, కప్పులో చెంచా పెట్టేశారే! మా దగ్గర అలా పెడితే ఇక చాలని. చెంచా బయటుంటేనే మళ్ళీ పోస్తాం.”

“చాలమ్మా, చాలు. నా కోటేదీ?”

“మేకుకే ఉంది. బెల్టు చప్పుడుకి ఏమంటామో అడగనే లేదు మీరు.”

“ఏ బెల్టు?”

“ఆయనది. అంతకుముందు మా నాన్నది. బట్ట మీద పడితే ఒక మాట, తడి ఒంటి మీదైతే వేరే మాట, బకిల్ తగిలితే ఇంకోటి. మా అమ్మ పుట్టించింది. పొద్దున్నే పక్కింటావిడ ‘రాత్రి ఏ మాట?’ అనేది. అమ్మ ఒక్క మాట చెప్పేది. అమ్మ లేవలేని రోజని దాన్ని బట్టి తెలిస్తే ఆవిడ మా ఆవుల పాలు కూడా పితికిపెట్టేది.”

“పుట్టించిందా! మాట పుట్టగా మీరు విన్నారా?”

“మంచం కింద దాక్కుని విన్నా.”

“ఇంకెవరికి తెలుసు?”

“అందరూ పోయారు. నేనే.”

“వచ్చాక చెబుదురుగాని. ముందు డాక్టర్ని...”

“వచ్చాక చెప్పను. ఆయన లేచి తిరిగినన్నాళ్ళూ ఏనాడు చెప్పాను గనక? ఇవాళ చెబుతున్నానంటే ఎందుకో తెలీదూ?”

“ఇది పాపం అమ్మా!”

“నేను మిమ్మల్ని ఆపానా? కారు మీది, తాళం మీది.”

“గురగుర తగ్గిపోతోంది...”

“తగ్గుతుంది. తర్వాత నోరు తెరిచి ఎగపీలుస్తాడు. దానికీ మీ పుస్తకంలో మాటుండే ఉంటుంది. కోటు తొడుక్కున్నారుగా, వెళ్ళరేం?”

“అమ్మా...”

“ఊఁ?”

“చెంచా తీసేశాను. ఇంకో కప్పు పొయ్యండి.”